ఆన్ కాని పాత ల్యాప్‌టాప్: కరెంటు అంకెల వెంట ఒక మరమ్మతు డైరీ

యంత్రం, లక్షణం

2012 తరం ల్యాప్‌టాప్. మూడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్, 2.5 అంగుళాల హార్డ్ డిస్కు, ఊడదీయడానికి వీలున్న బ్యాటరీ. ఛార్జర్ మీద 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని ఉంది. అంటే 65 వాట్లు. బటన్ నొక్కితే దీపం వెలగదు, ఫ్యాను తిరగదు. బ్యాటరీతో పెట్టినా అంతే, ఛార్జర్‌తో పెట్టినా అంతే.

ఇలాంటి యంత్రం కనిపించగానే ర్యామ్ మార్చి చూడండి, బ్యాటరీ తీసి చూడండి అని సలహాలు వరుస కడతాయి. వాటిలో తప్పేమీ లేదు, కానీ అవి చేతికి సులువుగా అందే భాగాల జాబితా మాత్రమే. "ఆన్ కావడం లేదు" అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగైదు వేర్వేరు జబ్బులుంటాయి. యంత్రం ఏ మెట్టు దగ్గర ఆగిపోతోందో అది లాగుతున్న కరెంటే చెబుతుంది. అందుకే ప్రతి దశ చివర కరెంటు అంకె రాసుకుంటూ పోయాను. ఇదే పని చేయబోయేవారు తమ అంకెలతో పోల్చుకోవచ్చు.

హార్డ్ డిస్కును ముందే బయటికి తీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి, వేరే కంప్యూటర్‌లోకి ఫైళ్లన్నీ కాపీ చేశాను. ఆ పని అయ్యేదాకా మిగతా ఏ పనీ మొదలుపెట్టకండి.

వాడిన పనిముట్లు: మల్టీమీటర్, కరెంటు పరిమితి పెట్టగల బెంచ్ పవర్ సప్లై, సోల్డరింగ్ ఐరన్, హాట్ ఎయిర్ (వేడి గాలి ఊదే పనిముట్టు), ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి పూసేది), 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బయోస్ చిప్ (యంత్రాన్ని నిద్ర లేపే మొదటి ప్రోగ్రాము ఉండే చిప్) చదివే యూఎస్‌బీ ప్రోగ్రామర్, 10 ఓముల 50 వాట్ల రెసిస్టర్ ఒకటి.

దశ 1: మూత తీయకముందు

1. బ్యాటరీ తీసేసి, ఛార్జర్ పెట్టకుండా, బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకున్నాను. లోపల మిగిలిన ఛార్జి పోవడానికి ఇది. మార్పు లేదు.
2. ఛార్జర్ పిన్ను దగ్గర మల్టీమీటర్ 19.6 వోల్టులు చూపించింది.
3. 10 ఓముల రెసిస్టర్‌ను లోడుగా పెడితే 19.4కి దిగి అక్కడ నిలబడింది. దాదాపు 1.9 ఆంపియర్లు ఇచ్చినట్టు. రెసిస్టర్ కాలిపోయేంత వేడెక్కుతుంది, పది సెకన్లకు మించి ఉంచకూడదు.

రెండో అంకె చూసి ఛార్జర్ బాగుందని తేల్చేవారు చాలామంది. లోడు లేనప్పుడు దెబ్బతిన్న ఛార్జర్ కూడా పూర్తి వోల్టేజీ చూపగలదు. మూడో కొలత తర్వాతే ఛార్జర్‌ను అనుమానితుల జాబితా నుంచి కొట్టేశాను.

ఇక్కడే అసలు ఆధారం దొరికింది. ల్యాప్‌టాప్‌లో గుచ్చిన మరుక్షణం ఛార్జర్ మీది చిన్న దీపం ఆరిపోతోంది. పీకేసి కొన్ని సెకన్లు ఆగితే మళ్లీ వెలుగుతోంది. అంటే ల్యాప్‌టాప్ లోపల ఎక్కడో షార్ట్ (కరెంటు పని చేయకుండా అడ్డదారిలో నేరుగా పారిపోయే చోటు) ఉంది; ఛార్జర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. ఈ ఒక్క గమనికతో ర్యామ్, డిస్కు, తెర అన్నీ ప్రస్తుతానికి పక్కకు పోయాయి.

లెక్క: మార్చిన భాగాలు 0. నిర్దోషులుగా తేలినవి: ఛార్జర్.

దశ 2: విప్పడం

అడుగున 13 స్క్రూలు, వాటిలో రెండు డీవీడీ డ్రైవ్ తీస్తే తప్ప కనబడవు. ఒక అట్టముక్క మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చాను. పొడవు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి బోర్డునే తూట్లు పొడుస్తుంది. కొత్త జబ్బులు ఇలాగే పుడతాయి.

కీబోర్డు రిబ్బన్ లాగే ముందు దాని గొళ్లెం ఏ రకమో చూడాలి. కొన్ని పైకి లేస్తాయి, కొన్ని ముందుకు జరుగుతాయి. లేచే రకాన్ని జరపబోతే విరుగుతుంది, విరిగితే రిబ్బన్ ఇక నిలవదు.

ఈ యంత్రంలో పవర్ జాక్ బోర్డుకు అతికించి లేదు, వైరుతో వచ్చి కనెక్టర్‌లో గుచ్చుకుంటుంది. కనెక్టర్ ఊడదీసి, జాక్‌కు మాత్రమే ఛార్జర్ పెట్టాను. దీపం ఆరలేదు. జాకూ, దాని వైరూ నిర్దోషులు. షార్ట్ బోర్డు మీదే.

లెక్క: మార్చినవి 0. నిర్దోషులు: ఛార్జర్, జాక్, వైరు.

దశ 3: షార్ట్ ఎక్కడ?

బోర్డు బయటికి తీశాక ముందు గుర్తు చేసుకోవలసిన విషయం ఒకటుంది. జాక్ నుంచి వచ్చిన 19 వోల్టులు నేరుగా బోర్డంతా పాకవు. దారిలో రెండు మాస్‌ఫెట్‌లు, అంటే కరెంటును ఆపి వదిలే స్విచ్‌లు, తలుపుల్లా ఉంటాయి. మొదటి దాని ముందు కొద్దిపాటి కెపాసిటర్లు మాత్రమే, రెండో దాని తర్వాత మిగతా యంత్రమంతా. కాబట్టి తలుపుకు ఏ వైపు షార్ట్ ఉందో తేలితే వెతకవలసిన చోటు సగానికి పైగా తగ్గిపోతుంది.

మల్టీమీటర్ నల్ల తీగను స్క్రూ రంధ్రం చుట్టూ ఉన్న లోహపు వలయానికి ఆనించి కొలిచినవి:

1. మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే: 0.3 ఓములు. దీన్ని ప్రతి కొలత నుంచీ తీసేయాలి.
2. జాక్ కనెక్టర్ పాజిటివ్ దగ్గర: 1.2, అంటే నికరంగా 0.9 ఓములు. షార్ట్.
3. రెండో మాస్‌ఫెట్ తర్వాత, ప్రధాన లైను (ఒకే వోల్టేజీ నడిచే దారి) మీద: వందల కిలో ఓములు. బాగుంది.
4. 3.3, 5 వోల్టుల కాయిల్స్ దగ్గర: పదుల కిలో ఓములు. బాగున్నాయి.
5. ప్రాసెసర్ పక్కనున్న పెద్ద కాయిల్స్ దగ్గర: దాదాపు 4 ఓములు.

అయిదో కొలత దగ్గర ఒక హెచ్చరిక. ఈ 4 ఓములు షార్ట్ కాదు. ప్రాసెసర్ కోర్ లైను సహజంగానే అంత తక్కువ నిరోధం చూపుతుంది. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి వెతికేవారికి అక్కడ బీప్ మోగుతుంది, ప్రాసెసర్ పోయిందన్న నిర్ధారణ జరిగిపోతుంది, బాగున్న బోర్డు చెత్తబుట్టలో పడుతుంది. బీప్‌ను నమ్మకుండా ఓములు చదవాలి.

ఇప్పుడు మిగిలింది జాక్ కనెక్టర్‌కూ మొదటి మాస్‌ఫెట్‌కూ మధ్యనున్న చోటు. బొటనవేలి గోరంత. అందులో నాలుగు చిన్న సెరామిక్ కెపాసిటర్లు. నాలుగూ ఒకే లైను మీద సమాంతరంగా ఉన్నాయి కాబట్టి దేని మీద మీటరు పెట్టినా అదే 0.9 ఓములు. మీటరుతో ఇంతకు మించి తేల్చలేం. ఒకదాని పక్కన గోధుమరంగు మచ్చ ఉంది. చూడగానే దోషి అదే అనిపిస్తుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే మచ్చ పోయింది. ఫ్యాక్టరీలో మిగిలిన ఫ్లక్స్ మాత్రమే.

కాబట్టి వేడితో వెతకడం:

1. బెంచ్ సప్లైని 1 వోల్టుకు, 1 ఆంపియర్ పరిమితికి పెట్టాను. సప్లైని ఆపి ఉంచి తీగలు కలిపాను.
2. నాలుగు కెపాసిటర్ల మీదా ఆల్కహాల్ పలుచగా పూశాను.
3. సప్లై ఆన్ చేశాను. 1 ఆంపియర్ దగ్గర ఆగింది, వోల్టేజీ 0.9కి పడింది. అంటే 0.9 వాట్ల వేడి ఎక్కడో పుడుతోంది.
4. మూడు తడిగానే ఉన్నాయి. కనెక్టర్‌కు అతి దగ్గరగా ఉన్న నాలుగోదాని మీద తడి చుట్టూ అంచుల నుంచి కాక సరిగ్గా నడినెత్తి మీద ఎండిపోయి, గుండ్రంగా చిన్న పొడి మచ్చ తేలింది. మళ్లీ పూస్తే మళ్లీ అక్కడే.

ఎక్కించే వోల్టేజీ ఆ లైను అసలు వోల్టేజీని ఎన్నడూ దాటకూడదు. 19 వోల్టుల లైను మీద 1 వోల్టు నిరపాయం, అదే 1.5 వోల్టుల ర్యామ్ లైను మీద 5 వోల్టులు ఎక్కిస్తే దొరికేది షార్ట్ కాదు, పొగ. ఆల్కహాల్‌కు మంట అంటుకుంటుంది కనుక అది పూర్తిగా ఆరాకే హాట్ ఎయిర్ ముట్టుకోవాలి.

చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్‌కు కాప్టన్ టేపు (వేడికి తట్టుకునే టేపు) కప్పి, 350 డిగ్రీల గాలితో కెపాసిటర్‌ను లేపాను. తిప్పి చూస్తే ఒక చివర దగ్గర వెంట్రుకంత పగులు, ఏటవాలుగా. సెరామిక్ కెపాసిటర్లు చచ్చిపోయే మామూలు తీరు ఇదే. బోర్డు వంగితే పగులుతాయి, పగులులో లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. జాక్ వైరు గుచ్చుకునే కనెక్టర్ పక్కనే ఇది ఉండటం కాకతాళీయం కాకపోవచ్చు.

అది తీసేశాక లైను నిరోధం 200 కిలో ఓములు దాటింది.

మిగతా మూడింటితో యంత్రం నడుస్తుంది, అయినా ఖాళీ వదలలేదు. పాడైన మరో బోర్డు మీద అదే చోటు నుంచి 0.1 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్ తెచ్చి అతికించాను. తక్కువ వోల్టేజీ లైను మీద నుంచి తీసినదాన్ని ఇక్కడ పెట్టకూడదు. వీటి మీద అంకెలు అచ్చు వేసి ఉండవు కాబట్టి ఏ లైను నుంచి తీశామన్నదే ఆధారం.

లెక్క: మార్చినవి 1 (కెపాసిటర్). నిర్దోషులు: ఛార్జర్, జాక్, వైరు, మాస్‌ఫెట్‌లు, ప్రధాన లైను.

దశ 4: ప్రాణం వచ్చింది, స్పృహ రాలేదు

వెంటనే ఛార్జర్ గుచ్చలేదు. బెంచ్ సప్లైని 19.5 వోల్టులకు, ముందు 0.5 ఆంపియర్ల పరిమితికి పెట్టాను. ఇంకో షార్ట్ దాగి ఉంటే నష్టం అక్కడికే ఆగుతుంది. కొన్ని కంపెనీల ఛార్జర్లలో పిన్ను మధ్య గుర్తింపు తీగ ఒకటి ఉంటుంది. అలాంటి యంత్రాలు బెంచ్ సప్లైతో బ్యాటరీని ఛార్జి చేయకపోవచ్చు, వేగం తగ్గించుకోవచ్చు. ఈ యంత్రానికి ఆ బెడద లేదు.

కొలతలు:

1. బటన్ నొక్కకముందు: 0.02 ఆంపియర్లు. కాయిల్స్ మీద 3.37, 5.08 వోల్టులు.
2. బటన్ నొక్కాక: 0.45కి ఎగసింది, ఫ్యాను తిరిగింది, నాలుగు సెకన్లకు అంతా ఆగి 0.02.
3. తనంతట తానే మళ్లీ 0.45, మళ్లీ 0.02. ఆపేదాకా ఇదే చక్రం.

పరిమితి 0.5 కావడం వల్లే ఆగుతోందేమోనని 3 ఆంపియర్లకు పెంచాను. తేడా లేదు.

గడియారపు బ్యాటరీ, అంటే సీఆర్2032 బిళ్ల, 2.1 వోల్టులు చూపించింది. కొత్తదైతే 3 వోల్టులకు పైనే ఉండాలి. కొన్ని యంత్రాలు ఈ బిళ్ల అరిగిపోతే మొండికేస్తాయి కనుక మార్చాను. చక్రం ఆగలేదు. ఎలాగూ మార్చవలసిందే కాబట్టి ఆ బిళ్ల వృథా కాలేదు.

ర్యామ్ వంతు ఇప్పుడొచ్చింది. బంగారు పూత ఉన్న అంచులను ఆల్కహాల్‌తో తుడిచాను. రబ్బరుతో రుద్దితే పొట్టు స్లాట్‌లో పడుతుంది. ఒక స్లాట్‌లో ఒకటి, రెండో స్లాట్‌లో ఒకటి, వేరే యంత్రంలో పనిచేస్తున్న స్టిక్కు ఒకటి: ఫలితం ఒకటే. చివరికి రెండు స్లాట్‌లూ ఖాళీగా ఉంచి బటన్ నొక్కాను. అప్పుడూ అదే 0.45, అవే నాలుగు సెకన్లు, ఒక్క బీప్ కూడా లేదు.

ఈ దశ మొత్తంలో పనికొచ్చిన పరీక్ష ఇదొక్కటే. ర్యామ్ లేకపోతే బాగున్న యంత్రం బీప్ కొట్టో, క్యాప్స్‌లాక్ దీపం మినుకుమనిపించో ఫిర్యాదు చేస్తుంది. ర్యామ్ ఉన్నా లేకున్నా ఒకేలా ప్రవర్తిస్తోందంటే, ర్యామ్ ఉందా అని చూసే చోటి దాకా అది వెళ్లడమే లేదు. ఇంకా స్టిక్కులు మారుస్తూ కూర్చుంటే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఆ నాలుగు సెకన్లలో లైన్లు కొలిచాను. ర్యామ్ లైను 1.51 వోల్టులు, చిప్‌సెట్ లైను 1.05, ప్రాసెసర్ కాయిల్ దాదాపు 0.9 వచ్చి, ఆగినప్పుడు పడిపోయింది. విద్యుత్తు అందవలసిన చోట్లకు అందుతోంది. ప్రాసెసర్ లేచాక మొదట చదివేది బయోస్ చిప్‌ని. అనుమానం అటు మళ్లింది.

లెక్క: మార్చినవి 2 (కెపాసిటర్, బిళ్ల). కరెంటు: విశ్రాంతిలో 0.02, బటన్ తర్వాత 0.45 చక్రం.

దశ 5: బయోస్ చిప్

ఎనిమిది కాళ్ల చిప్, పేరులో 25 అంకె ఉండే రకం, 64 మెగాబిట్లు, అంటే 8 మెగాబైట్లు. ఇది 3.3 వోల్టులది. చూడటానికి అచ్చం ఇలాగే ఉండే 1.8 వోల్టుల రకాలు కూడా ఉన్నాయి. పేరు చివరి అక్షరాలతో సహా డేటాషీట్‌లో చూసుకోవాలి. సిహెచ్341ఏ చిప్‌తో వచ్చే నల్ల ప్రోగ్రామర్ బోర్డులలో కొన్నిటి డేటా కాళ్ల మీద 5 వోల్టులు ఉంటాయి. నా దగ్గరున్నదాన్ని మీటరుతో కొలిచి, 3.3 అని తేలాకే చిప్ జోలికి వెళ్లాను.

చిప్‌ను బోర్డు మీదే ఉంచి క్లిప్ పెట్టి చదివాను. రెండుసార్లు చదివిన ఫైళ్లు ఒకదానితో ఒకటి సరిపోలేదు. క్లిప్ నుంచి వెళ్లే 3.3 వోల్టులు చిప్‌తో ఆగక బోర్డులోని మిగతా భాగాలకూ పాకి, ప్రోగ్రామర్ వోల్టేజీని కిందికి లాగుతాయి. క్లిప్‌ను సర్ది, తీగలు పొట్టివి చేసి చూసినా పోలిక కుదరలేదు. సరిపోలని ఫైలు ఆధారంగా చిప్ మీద రాయడం ఆత్మహత్యతో సమానం. చిప్‌ను ఊడదీశాను.

బయట చదివితే రెండు ఫైళ్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. సైజు 83,88,608 బైట్లు. ఈ ఫైలును రెండు చోట్ల దాచాకే మిగతా పని.

1. హెక్స్ ఎడిటర్‌లో తెరిచి 16వ బైటు దగ్గర చూశాను: 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్. ఇంటెల్ డిస్క్రిప్టర్ (చిప్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) గుర్తు. ఫైలు తల బాగుంది.
2. ఐఎఫ్‌డీటూల్ అనే ప్రోగ్రాముతో ఫైలును ప్రాంతాలుగా విడదీశాను: డిస్క్రిప్టర్, నెట్‌వర్క్, ఎంఈ (ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజన్), బయోస్.
3. బయోస్ ప్రాంతాన్ని యూఈఎఫ్ఐటూల్ అనే ప్రోగ్రాములో తెరిస్తే ఒక వాల్యూమ్ (లోపలి విభాగం) దగ్గర చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో తేల్చే లెక్క) తప్పని చూపించింది.
4. అదే చోటును తయారీదారు ఇచ్చిన అప్‌డేట్ ఫైలుతో పోల్చాను. అక్కడ ప్రోగ్రాము ఉండవలసిన 64 కిలోబైట్ల మేర ఇక్కడ వరుసగా ఎఫ్ఎఫ్‌లే (ఖాళీ బైటు గుర్తు). చెరిపేసి, తిరిగి రాయనట్టుగా ఖాళీ.

సులువైన దారి ఇంకొకరి యంత్రం నుంచి తీసిన పూర్తి ఫైలును రాసేయడం. యంత్రం లేస్తుంది కూడా. కానీ దాంతోపాటు ఇంకొకరి సీరియల్ నంబరు, ఇంకొకరి నెట్‌వర్క్ చిరునామా వచ్చి కూర్చుంటాయి. విండోస్ లైసెన్సు కీ చిప్‌లో ఉన్న యంత్రమైతే అదీ పోతుంది. అందుకని పాడైన 64 కిలోబైట్లను మాత్రమే అప్‌డేట్ ఫైలు నుంచి కత్తిరించి, నా ఫైలులో అదే చిరునామా దగ్గర అతికించాను. అప్‌డేట్ వెర్షన్ చిప్‌లో ఉన్న వెర్షనే అయి ఉండాలి. లేకపోతే అతుకు కుదరదు. సైజు ఒక్క బైటు కూడా మారలేదని చూసి, యూఈఎఫ్ఐటూల్‌లో మళ్లీ తెరిచాను. చెక్‌సమ్ ఫిర్యాదు పోయింది.

ఫ్లాష్‌రోమ్ అనే ప్రోగ్రాముతో చిప్‌ను చెరిపి, సరిచేసిన ఫైలు రాసి, సరిచూసుకుని, చిప్‌ను తిరిగి బోర్డు మీద అతికించాను. చిప్ మీది చుక్క బోర్డు మీది చుక్క ఉన్న మూలకే రావాలి. ఎనిమిది కాళ్లలో పక్కపక్కవి కలిసిపోలేదని మీటరుతో చూశాను.

లెక్క: మార్చిన భాగాలు 2, సరిచేసిన ఫైలు 1.

దశ 6: తెర

విప్పిన బోర్డు మీదే హీట్ సింక్, ఒక ర్యామ్ స్టిక్కు, తెర వైరు పెట్టి బటన్ నొక్కాను. 0.02, 0.45, ఈసారి నాలుగు సెకన్లు దాటింది. 0.7. ఆ తర్వాత తెర చీకటిగానే ఉంది, అంకె మాత్రం అటూ ఇటూ కదులుతోంది. ఇలా కదులుతున్నప్పుడు బటన్ నొక్కి ఆపేయకూడదు. బయోస్ కొత్తగా రాశాక మొదటిసారి ర్యామ్‌ను కొలుచుకోవడానికి యంత్రం ఎక్కువ సమయం తీసుకుంటుంది. అర నిమిషం దాటాక బొమ్మ వచ్చింది, తేదీ తప్పుగా ఉందన్న గొణుగుడుతో. సెట్టింగుల తెర మీద 0.9 ఆంపియర్లు, అంటే 17 వాట్ల పైచిలుకు.

సీరియల్ నంబరు అడుగున స్టిక్కర్ మీద ఉన్నదే చూపించింది.

దశ 7: వేడి

డిస్కు పెట్టి పని చేయిస్తే కొంతసేపటికి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇది పాత జబ్బు తిరగబెట్టడం కాదని అంకెలే చెప్పాయి: ఆగేముందు కరెంటు 2.6 ఆంపియర్లు, ప్రాసెసర్ 103 డిగ్రీలు. ఈ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 105.

ఫ్యానుకూ రాగి రెక్కలకూ మధ్య దుమ్ము కంబళిలా పేరుకుంది. బయటి నుంచి గాలి ఊదితే అది ఇంకా లోపలికి దిగబడుతుంది. ఫ్యాను విప్పి చేత్తో తీయాలి. ప్రాసెసర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య వేడిని దాటించే పాత థర్మల్ పేస్టు సుద్దలా రాలింది. తుడిచి, కొత్తది పలుచగా పూసి, హీట్ సింక్ మీద చెక్కిన 1, 2, 3, 4 వరుసలోనే స్క్రూలు కొద్దికొద్దిగా బిగించాను. పక్క చిప్‌ల మీది మెత్తటి థర్మల్ ప్యాడ్ల చోట పేస్టు పూయకండి. అక్కడ మిల్లీమీటరు సందు ఉంటుంది, పేస్టు ఆ సందును నింపలేదు.

అదే పని, అదే లోడు: 103 నుంచి 81 డిగ్రీలకు దిగింది.

పాత డిస్కు స్మార్ట్ నివేదికలో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చేది) రీమ్యాప్ అయిన సెక్టార్లు, అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన ముక్కలు, కనబడ్డాయి. ఫైళ్లు ముందే బయట ఉన్నాయి కాబట్టి చర్చ లేకుండా 7 మిల్లీమీటర్ల ఎస్ఎస్‌డీ పెట్టాను. పాత డిస్కు మందం 9.5 కనుక చుట్టూ వచ్చే ప్లాస్టిక్ చట్రం కూడా వేయాలి, లేకపోతే కనెక్టర్ దగ్గర ఊగుతుంది.

చివరి లెక్క

- మార్చినవి: కెపాసిటర్, గడియారపు బిళ్ల, థర్మల్ పేస్టు, డిస్కు.
- సరిచేసినది: బయోస్‌లో 64 కిలోబైట్లు.
- మార్చనవసరం లేకపోయినవి: ఛార్జర్, జాక్, ర్యామ్, తెర, బోర్డు.
- కరెంటు: విశ్రాంతిలో 0.02, ఖాళీగా ఉన్నప్పుడు 0.8, పూర్తి లోడులో 2.4 ఆంపియర్లు.

బ్యాటరీ ఇంకా బయటే ఉంది. తయారైనప్పటి సామర్థ్యం 48 వాట్ అవర్లు, ఇప్పుడు పట్టేది 19. ఉబ్బలేదు కాబట్టి వాడవచ్చు. అయితే బ్యాటరీ పెట్టాక ఛార్జి అయ్యేటప్పుడు కరెంటు ఎంత పెరుగుతుందో, కొత్తగా అతికించిన కెపాసిటర్ ఏ మాత్రం వేడెక్కుతుందో కొలవాలి. అది అయ్యాకే అడుగు మూతకు మిగతా స్క్రూలు బిగిస్తాను.